గురువారం రాసిన శుక్రవారం

...అయినా 'ఆనందంగా' అన్న మాట ఇప్పటికే నాలుగుసార్లు పడింది, ఐదోసారి పడితే మాత్రం ఎవరు చూడొచ్చారు, ఈ కాగితాన్ని చివరిదాకా చదివే ప్రాణి భూమ్మీద ఉంటే కదా. పిల్లలు ఆనందంగా ఆరో ఎక్కం నేర్చుకున్నారు. ఆనందంగా ఆవరణలో నీడలు కొలిచారు. తడి దూదిలో చిక్కుడు గింజలు వేసి, మొలకెత్తే తీరును ఆనందంగా గమనించారు. ఆరో ఎక్కాన్ని ఆనందంగా నేర్చుకున్న మనిషి ఇంతవరకూ ఎక్కడైనా పుట్టాడా? ఆరేడులు నలభై రెండు అన్నప్పుడు ఒంట్లో ఏ మూల పుడుతుంది ఆనందం? మోకాలి చిప్పలోనా?

మూడో తరగతి మాస్టారు కలం మూతని పళ్ళ మధ్య కొరుకుతూ కాగితం వైపు చూశాడు. భోజనాల గంట. టీచర్ల గదిలో పొడుగాటి బల్ల మీద ఖాళీ డబ్బాలు, దిద్దని నోటు పుస్తకాల దొంతరలు, ఇరుసు విరిగి ఒక పక్కకి వాలిపోయిన గ్లోబు. కిటికీ అవతల మూడువందల మంది పిల్లలు ఒకేసారి అరుస్తున్నారు. ఆ అరుపుల్లో ఆనందం ఉందో లేదో అతనికి తెలీదు. ఉన్నా, ఈ కాగితంలో ఉన్న రకం మాత్రం కాదు.

ఈ బడిలో ప్రతి శుక్రవారం ప్రతి తరగతి నుంచీ ఇళ్ళకి ఒక ఉత్తరం వెళ్ళాలి: ఈ వారం ఏం నేర్చుకున్నాం, ఏం చేశాం. శుక్రవారం సంచుల్లో పెట్టాలంటే గురువారం సాయంత్రానికల్లా పెద్ద టీచరు చూసి సరే అనాలి, ఆఫీసు గుమాస్తా నకళ్ళు తీయాలి. అందుకని శుక్రవారం జరగబోయేదాన్ని గురువారం మధ్యాహ్నమే జరిగిపోయినట్టు రాసెయ్యడం ఇక్కడి పద్ధతి. చేరిన ఏడాది అతనికి నవ్వొచ్చింది. మరుసటి ఏడాది కోపం వచ్చింది. ఇప్పుడిది పదకొండో ఏడు, ఏమీ రావడం లేదు. ఒకసారి నీళ్ళ పైపు పగిలి శుక్రవారం బడికి సెలవిచ్చారు. ఉత్తరాలు సోమవారం ఇళ్ళకి వెళ్ళాయి. సెలవు రోజున పిల్లలు పటంలో ఏడు సముద్రాలు గుర్తుపట్టారని అందులో ఉంది. సెలవని తెలిసిన తల్లులే, సెలవని తెలిసిన తండ్రులే. అందరూ కింద చీటీ చింపి సంతకం పెట్టి పంపారు. 'చాలా బాగుంది' అని ఒకరు, 'ధన్యవాదాలు' అని ఒకరు, మాటలు దండగని టీ కప్పు మరక ఒక్కటి పంపినవారు ఒకరు.

ఇలాంటి మనుషుల కోసం వాక్యం చెక్కడమా అని అతనికి వాళ్ళంటే అసహ్యం. అసహ్యం ఎంత ఉన్నా వాక్యం చెక్కకుండా ఉండలేకపోవడం ఇంకో జబ్బు. రెండో తరగతి చూసే బొమ్మల టీచరు తన ఉత్తరం నాలుగు మూలలా నవ్వుతున్న సూర్యుళ్ళని గీసి పది నిమిషాల్లో చేతులు దులుపుకుంటుంది. అతను అలా కాదు. 'నేర్చుకున్నారు' పక్కన 'తెలుసుకున్నారు' పెడితే చెవికి ఎలా ఉంటుందో చూసుకుంటాడు. చదివేవాడు లేడని తెలిసీ కామాలు సరిచేస్తాడు. ఈ సంగతి ఎవరికైనా తెలిస్తే తలెత్తుకోలేడు.

ఇక మిగిలింది శుక్రవారం. అతను రాశాడు: 'శుక్రవారం పిల్లలందరూ ఒక్కొక్కరుగా లేచి నిలబడి, ఎవరి సాయమూ లేకుండా, పాఠంలో ఒక్కో పేరా చదివారు.'

కలం అక్కడ ఆగింది. అందరూ. అంటే ఇరవై ఏడుగురు. అంటే పిచ్చుక కూడా.

పిచ్చుక అని ఆ అమ్మాయికి పేరు పెట్టింది తోటి పిల్లలు. మనిషి చిన్నది, తల ఇటూ అటూ తిప్పుతూ ఉంటుంది. ఎందుకు తిప్పుతుందో బడి తెరిచిన రెండో నెలలోనే అతనికి అర్థమైంది. పక్కపిల్ల పెదాలు చూస్తుంది. ఏ వాక్యమైనా ఒక్కసారి వింటే చాలు, అప్పజెప్పేస్తుంది. పుస్తకం ముందు పెట్టుకుని గడగడా చెబుతూ ఉంటే ఆమె వేలు మొదటి వరుస దగ్గరే ఉండిపోయేది, నోరు పేరా చివరికి చేరిపోయేది. ఆ రోజు అతను ఆ వేలిని చూశాడు. చూసి, కిటికీ వైపు తిరిగాడు. 'సిగ్గరి పిల్ల, నెమ్మదిగా దారిలో పడుతుంది' అని తనకి తానే చెప్పుకున్నాడు. ఎదుటివాడు ఈ మాటే అంటే ఎంత అందంగా వెటకారం చేసి ఉండేవాడు!

తెలుసు అని ఒప్పుకుంటే ఎన్ని పనులు! పెద్ద టీచరుకి చెప్పాలి. నిరుడంతా ఏం చేశావని బొమ్మల టీచరుని అడగాలి, ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. కాగితాలు నింపాలి. ఆ పనులన్నిటికంటే ఒక మెలికలు లేని అబద్ధం తేలిక. నెల కిందట ఉత్తరం చివర ఏదైనా మంచిమాట పెట్టమని పెద్ద టీచరు అంటే, 'ఇప్పుడు మన తరగతిలో అందరికీ స్వయంగా చదవడం వచ్చేసింది' అని రాసి పడేశాడు. కామా కూడా అక్కర్లేని వాక్యం.

తలుపు తోసుకుని పెద్ద టీచరు వచ్చింది. చేతిలో కాగితాల కట్ట, కళ్ళజోడు నుదుటి మీద.

"మాస్టారూ, అయిందా మీ కావ్యం?"

"అవుతోంది మేడమ్."

"త్వరగా ఇవ్వండి, గుమాస్తా ఒంటికాలి మీద లేస్తున్నాడు. అన్నట్టు, సోమవారం నుంచి ఆ చదవడం నేర్పే ఆవిడ వస్తోంది. వెనకబడ్డవాళ్ళని రోజూ ఒక గంట విడిగా కూర్చోబెట్టుకుంటుందట. ఏడాది పొడుగునా. బడి మొత్తానికి పది సీట్లు. తల్లో తండ్రో సంతకం పెట్టిన ఫారం రేపు ఐదింటికల్లా ఆఫీసులో ఉండాలి. ఆ తర్వాత వచ్చేవి తీసుకోరు."

"ఊఁ."

"మీ తరగతి నుంచి ఎవరూ లేరుగా?"

అతను కలం మూత బిగించాడు. విప్పాడు.

"ఏంటి, నీళ్ళు నములుతున్నారు? ఉన్నారా ఏంటి కొంపదీసి? మీరే రాశారు అందరికీ వచ్చేసిందని. పైవాళ్ళు వచ్చినప్పుడు నేను ఆ ఉత్తరమే చూపించా. ఇప్పుడు ఒకళ్ళున్నారంటే నన్ను అబద్ధాలకోరుని చేసినట్టేగా?"

"ఎవరూ లేరు మేడమ్."

"హమ్మయ్య. మీలాంటివాళ్ళు ఇంకో ఇద్దరుంటే నాకు బీపీ మాత్రలు తప్పేవి," అంటూ ఆవిడ అతని ముందున్న కాగితం లాక్కుని, నిలబడే, పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి, మూల సంతకం గీకేసింది. 'అందరూ' అన్న మాట మీదుగానే ఆవిడ బొటనవేలు వెళ్ళింది. చదివిందో లేదో దేవుడికే తెలియాలి.

ఆవిణ్ణి కూడా తిట్టుకోవచ్చు. తిట్టుకున్నాడు. నాలుగు అడుగులు నడిచి తరగతికి వెళ్ళేలోపు తిట్లన్నీ అయిపోయాయి. అవి అయిపోయాక మిగిలింది తనొక్కడే. అది అతనికి నచ్చలేదు.

ఇంట్లో అతనూ, అక్కా. అతను పెళ్ళి చేసుకోలేదు. ఆమె చేసుకుని, మూడేళ్ళకే సూట్‌కేసు పట్టుకుని వచ్చేసింది. వీధి చివర ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చుంటుంది. రోజంతా జనం చేతిరాతలు చదివీ చదివీ ఆమెకి మొహాలు చదవడం కూడా అలవాటైపోయింది. సాయంత్రం వచ్చేసరికి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏరా, ఈ వారం ఏం వెలగబెట్టారు మీ పిల్లలు? ఆనందంగానేనా?"

"ఎందుకక్కా, రోజూ అదే ఎత్తిపొడుపు."

"నేను ఎత్తిపొడవక ఇంకెవరు పొడుస్తార్రా, నీకున్నది నేనొక్కదాన్ని. ఇవాళ కోటు జిప్పు పాడైతే సందులో టైలరు దగ్గర ఇచ్చొచ్చా. గోడ చూడాలి నువ్వు! ఈ చివర్నుంచి ఆ చివర దాకా నువ్వే. నీ ఉత్తరాలన్నీ గుండుసూదులతో వరసగా గుచ్చి పెట్టాడు."

"టైలరా? ఏ టైలరు?"

"వాళ్ళమ్మాయి మీ తరగతేనట కదా. చిన్న పిల్ల, పిట్టలా ఉంది."

అతను చదువుతున్న పేపరు మడిచాడు.

"వారం వారం నీ ఉత్తరం దానికి చదివి వినిపిస్తాడట. నువ్వు దేవుడివిరా వాడికి. ఇదివరకు రోజూ సాయంత్రం కుట్టు ఆపేసి, పిల్ల పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించేవాడట. పాపం, వాడికే అంతంతమాత్రం. 'ఇప్పుడా అవసరం లేదండీ, మాస్టారే రాశారు, అందరికీ వచ్చేసిందని. మానేశా, నాకూ రెండు గంటలు కలిసొచ్చాయి' అన్నాడు. ఎంత మురిసిపోయాడో. ఏమైందిరా, అలా మింగావేంటి?"

"ఏం లేదు."

"నీ 'ఏం లేదు' నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. నాన్న అద్దం పగిలినప్పుడు కూడా 'ఏం లేదు' అనే అన్నావు. సరే, రేపు బడి నుంచి వస్తూ ఆ కోటు తీసుకురా. నాలుగింటికి ఇస్తానన్నాడు."

రాత్రి అన్నం దగ్గర అతను మళ్ళీ నోరు విప్పలేదు. లోపల మాత్రం ఒకడు విప్పాడు. వాడు మంచి వక్త. ఆ టైలరు మూర్ఖుడు, అన్నాడు వాడు. కన్న కూతురికి చదవడం వచ్చో రాదో పక్కనుండి చూసుకోవాలి గానీ, ఎవడో రాసిన కాగితం గోడకి గుచ్చుకుని పూజ చేస్తే ఎవరిది తప్పు? మాటలు బాగానే ఉన్నాయి, వరుస కూడా కుదిరింది. కానీ పదకొండేళ్ళుగా తన ఉత్తరాన్ని ఒక్కడూ చదవడం లేదని పెదవి విరిచిన మనిషి, చివరికి ఒకడు చదివాడని తెలిసిన రోజున, ఎందుకు చదివావురా అని వాణ్ణే తిడుతున్నాడు. ఇది గమనించాక ఆ వక్త చప్పున కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున్న చదివే పీరియడ్. నది దాటిన మేకపిల్ల పాఠం. హాజరు పట్టీ వరుసలో ఒక్కొక్కరే లేచి ఒక్కో పేరా. ఒకడు మేకని మింగేస్తూ చదివాడు, ఒకతె నదిని నాలుగు ముక్కలు చేసి చదివింది. ఎలా చదివినా అక్షరాల మీదే పడిలేస్తూ నడిచారు. పిచ్చుక వరుసలో పంతొమ్మిదోది. ఆమె ముందున్న పిల్లలు చదువుతుండగా అతను ఆమెనే చూస్తున్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. ఇద్దరు రాలేదని గుర్తొచ్చి మళ్ళీ లెక్కపెట్టింది. పక్కపిల్ల చెవిలో గుసగుసలాడింది. పక్కపిల్ల పుస్తకం వంచి, ఒక పేరా మెల్లిగా చదివి వినిపించింది. ఒక్కసారే.

ఆమె వంతు వచ్చింది. లేచింది. పుస్తకం ఛాతీ ఎత్తున పట్టుకుని, మేక భయపడ్డచోట గొంతు తగ్గించి, ఒడ్డు చేరినచోట పెంచి, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. తరగతి చప్పట్లు కొట్టింది. ఇరవై ఐదు మందిలో ఇంత బాగా ఎవరూ 'చదవలేదు'.

చదవడం నేర్చుకోవడానికి ఇందులో సగం తెలివి చాలు, అనుకున్నాడు అతను. ఆ సగం తెలివిని ఎటు పెట్టాలో చూపించడానికి నాకు జీతం ఇస్తున్నారు. నేను కామాలు దిద్దుతున్నాను.

"బాగుంది. కూర్చో," అన్నాడు.

ఆమె కూర్చోబోతూ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో భయం లేదు. అతను భయపడింది అందుకే. మనిద్దరికీ తెలుసు, మనిద్దరం చెప్పం, అన్నట్టుంది ఆ చూపు. ఎనిమిదేళ్ళ పిల్ల అతన్ని తన జట్టులో చేర్చేసుకుంది.

మూడున్నరకి గంట కొట్టారు. ఉత్తరాలు సంచుల్లోకి వెళ్ళాయి. వెళ్తూ వెళ్తూ అతను ఆఫీసు కిటికీ దగ్గర ఆగి, చదువు క్లాసు ఫారం ఒకటి అడిగాడు.

"మీ తరగతికి సున్నా అని రాశానే?" అన్నాడు గుమాస్తా.

"నకలు కోసం."

నకలు! ఏ నకలు, దేనికి నకలు? గుమాస్తా అడగలేదు. ఈ బడిలో ఎవరూ ఏదీ అడగరు, అదొక్కటే ఇక్కడి సుఖం. ఫారం నాలుగు మడతలు పడి జేబులోకి వెళ్ళింది. నేను వెళ్తున్నది కోటు కోసం, అని సందు మలుపు దాకా చెప్పుకుంటూ నడిచాడు.

టైలరు కొట్టు గది కాదు, గదుల మధ్య మిగిలిపోయిన సందు. కుట్టుమిషను, దాని వెనక తాళ్ళకి వేలాడే ప్యాంట్లు, కింద రంగురంగుల పేలికల గుట్ట. అక్క చెప్పిన గోడ. ఉత్తరాలు తేదీల వరుసన ఉన్నాయి, ఒక్కటీ వంకర లేదు. తన చేతిరాత ఇన్నిసార్లు ఒక్కచోట చూసేసరికి అతను చూపు మిషను మీదికి తిప్పుకున్నాడు.

"అయ్యో, మాస్టారూ! మీరే వచ్చారా! కూర్చోండి, కూర్చోండి," అంటూ టైలరు ఒక స్టూలు మీది బట్టలు తోసేశాడు. కాలు మాత్రం తొక్కుడు పలక మీంచి తీయలేదు. "మీ అక్కయ్యగారి కోటు చివరికొచ్చింది, ఐదంటే ఐదు నిమిషాలు. ఈ కుట్టు మధ్యలో ఆగితే మళ్ళీ కుదరదు. అమ్మా, చూడు ఎవరొచ్చారో!"

పేలికల గుట్ట వెనక నుంచి పిచ్చుక లేచింది. నమస్కారం పెట్టింది.

"ఈ వారం ఉత్తరం ఏదమ్మా? ఇంకా తీయలేదా? తియ్. ప్రతివారం నేను చదువుతా, ఇవాళ నువ్వు చదువు. రాసిన మాస్టారే ఎదురుగా ఉన్నారు, ఇంతకంటే ఏం కావాలి!"

"వద్దులెండి, అలసిపోయి ఉంటుంది," అన్నాడు అతను.

"అలుపేంటి మాస్టారూ, వచ్చేసిందిగా చదవడం!" టైలరు తల వంచి, సూది కిందికి బట్ట జరుపుకుంటున్నాడు. "కానీ అమ్మా."

ఆమె సంచీలోంచి కాగితం తీసి విప్పింది. ఎవరూ ఆమెకి ఇది ఇంకా చదివి వినిపించలేదు. పక్కపిల్ల లేదు. చూడాల్సిన పెదాలు లేవు. ఆమె గొంతు సవరించుకుంది.

"ప్రియమైన తల్లిదండ్రులకు. ఈ వారం మన తరగతిలో పిల్లలు ఆనందంగా ఆరో ఎక్కం నేర్చుకున్నారు."

అక్షరం పొల్లు పోకుండా అతని వాక్యమే. ఎలా? ఒక్క క్షణం అతనికి పిచ్చి ఆశ పుట్టింది. అంతలోనే తెలిసింది. గోడ మీదున్నవన్నీ అలాగే మొదలవుతాయి. ఐదో ఎక్కం వారం, నాలుగో ఎక్కం వారం, అంకె ఒక్కటే తేడా.

"ఆరేడులు ఎంతని సార్ అడిగితే ఎవరూ చెప్పలేదు. తర్వాత పిల్లలు ఆవరణలో ఆనందంగా నీడలు కొలిచారు. పొడుగు నీడ నాదంటే నాదని ఇద్దరు కొట్టుకున్నారు, ఒకడి చొక్కా గుండీ ఊడింది. చిక్కుడు గింజలు తడి దూదిలో వేశారు. అవి ఆనందంగా కుళ్ళిపోయాయి. చాలా కంపు కొట్టింది. సార్ ముక్కు మూసుకుని డబ్బాతో సహా పారేశారు. ఎందుకు మొలవలేదని ఒకమ్మాయి అడిగింది. సార్ తర్వాత చెప్తానన్నారు. చెప్పలేదు. దీనిపై మీరు ఇంటివద్ద పిల్లలతో మాట్లాడగలరు. ఇట్లు, మీ తరగతి ఉపాధ్యాయుడు."

టైలరు పగలబడి నవ్వాడు. భుజాలు కదిలేంత నవ్వు, చూపు మాత్రం సూది మీదే. "భలే మాస్టారూ, భలే! ఈసారి ఎంత బాగా రాశారండీ! ఇన్నాళ్ళూ మీ ఉత్తరం గొప్పగా ఉండేది గానీ, నిజం చెప్పొద్దూ, నాకు సగం అర్థమయ్యేది కాదు. ఇదిగో, ఇలా రాయాలి. కుళ్ళిపోయాయట!"

పదకొండేళ్ళలో ఆ తరగతి గురించి వచ్చిన ఒకే ఒక్క నిజమైన ఉత్తరం అది. దాన్ని చెప్పిన మనిషికి 'అ' కీ 'ఆ' కీ తేడా తెలీదు. మాస్టారికి ఇక తిట్టుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

కాగితం అంచు మీదుగా ఆమె అతని వైపు చూసింది. పొద్దున్న చూసినట్టే. అతను ఒక్క నవ్వు నవ్వి, కోటు తీసుకుని వెళ్ళిపోవచ్చు. టైలరు ఈ ఉత్తరాన్ని కూడా గోడకి గుచ్చుతాడు. ఈ కొట్టు సుఖంగా ఉంటుంది, అతనూ సుఖంగా ఉంటాడు. పిల్ల నాలుగో తరగతికి, ఐదో తరగతికి, ఎవరో ఒకరి పెదాలు చూసుకుంటూ వెళ్తుంది. చూడాల్సిన పెదాలు దొరకని రోజొకటి ఎక్కడో కాచుకుని ఉంటుంది. గోడ గడియారంలో నాలుగూ ఇరవై.

"అమ్మాయికి చదవడం రాదండీ," అన్నాడు.

గొంతులోంచి ఎంత వచ్చిందో అంతా మిషను చప్పుడు మింగేసింది.

"ఏమన్నారూ?" అన్నాడు టైలరు, కాలు తొక్కుతూనే, తలెత్తకుండానే, ఇంకా నవ్వుతూనే.

'ఏం లేదు' అన్నమాట నోటి చివరికి వచ్చింది. పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే కాపురమున్న మాట.

మాస్టారు స్టూలు మీంచి లేచి, వంగి, గిర్రున తిరుగుతున్న మిషను చక్రం మీద అరచెయ్యి వేసి ఆపాడు.